కాలిఫోర్నియా తీరంలో సీళ్లను, సీ లయన్లను చూడటం ఎలా: నెల, చోటు, దూరం, ఒంటరి పిల్ల కనిపిస్తే చేయాల్సిన పని

సీళ్లు, సీ లయన్లు సముద్రంలో వేటాడి, ఒడ్డుకు వచ్చి సేదతీరే క్షీరదాలు. వాటిని చూడటానికి కాలిఫోర్నియా తీరానికి బయలుదేరే వారు తరచూ అడిగే ప్రశ్నలు మూడు. ఎప్పుడు వెళ్తే కనిపిస్తాయి? కనిపించినది సీలా, సీ లయనా? ఇసుకలో పిల్ల ఒంటరిగా పడి ఉంటే ఏం చేయాలి? మూడో ప్రశ్నకు జవాబు తెలియక, జాలితో చేసిన పనే ఆ పిల్ల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే దానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావి వరుసగా చేసుకుపోతే చాలు.

1. ముందు జంతువును ఎంచుకోండి, తర్వాత నెలను

ఈ తీరంలో ఆరు జాతులున్నాయి: కాలిఫోర్నియా సీ లయన్, స్టెల్లర్ సీ లయన్, నార్తర్న్ ఫర్ సీల్, గ్వాడలూప్ ఫర్ సీల్, హార్బర్ సీల్, నార్తర్న్ ఎలిఫెంట్ సీల్. ఒడ్డు మీద నిలబడి చూసే వారికి మామూలుగా కనిపించేవి మూడే: కాలిఫోర్నియా సీ లయన్, హార్బర్ సీల్, ఎలిఫెంట్ సీల్. ఫర్ సీళ్లు ఎక్కువ కాలం నడి సముద్రంలో ఉంటాయి. వాటి కోసం ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోవద్దు.

ఎలిఫెంట్ సీళ్లకు కచ్చితమైన వార్షిక క్రమం ఉంది. దాన్ని పట్టుకుంటే ప్రయాణం వృథా పోదు.

- డిసెంబరు: పెద్ద మగవి ఒడ్డు చేరతాయి, పోట్లాటలు మొదలవుతాయి.
- డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు: ఆడవి ఈనతాయి. జనవరి చివరి వారంలో ఒడ్డు కిక్కిరిసిపోతుంది.
- మార్చి: పెద్దవి వెళ్లిపోతాయి. పాలు మానిన పిల్లలు మిగిలి, ఒడ్డు పక్కనే ఈత నేర్చుకుంటాయి.
- ఏప్రిల్, మే: ఆడవి, చిన్నవి పాత తోలు విడవడానికి మళ్లీ వస్తాయి.
- జులై, ఆగస్టు: పెద్ద మగవి తోలు విడిచే కాలం.
- సెప్టెంబరు నుంచి నవంబరు: ఎక్కువగా చిన్నవే ఉంటాయి.

ఒక్కసారే వెళ్లగలిగితే జనవరి చివరి వారానికి వెళ్లండి. పుట్టినప్పుడు 35 కిలోలకు అటూ ఇటూగా ఉండే పిల్ల నాలుగు వారాల తల్లిపాలతో 120 కిలోలు దాటుతుంది. తల్లి మాత్రం ఆ నాలుగు వారాలూ ఏమీ తినదు. ఒకే ఒడ్డు మీద నిన్న పుట్టిన పిల్లను, రేపు పాలు మానబోయే పిల్లను పక్కపక్కన చూడగలిగేది అప్పుడే.

హార్బర్ సీళ్ల పిల్లలు ఎక్కువ చోట్ల మార్చి నుంచి మే వరకు పుడతాయి. దక్షిణాన ఇంకా ముందే మొదలవుతుంది. కాలిఫోర్నియా సీ లయన్లు వేసవిలో ఈనడానికి దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న శాన్ మిగెల్ వంటి దీవులకు, అంటే చానెల్ ఐలండ్స్‌కు పోతాయి. అందుకే జూన్, జులైలలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని పియర్ 39 అనే రేవుకు వెళ్లినవారు, సీ లయన్లు పడుకునే చెక్క తెప్పలు ఖాళీగా ఉండటం చూసి నిరాశ పడుతుంటారు. పిల్లలకు వేసవి సెలవులని అప్పుడే తీసుకెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

2. మీ వెంట ఎవరున్నారో చూసి చోటు నిర్ణయించండి

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, నడవలేని చిన్నపిల్లలు వెంట ఉంటే శాన్ సిమియన్‌కు ఉత్తరాన, హైవే 1 పక్కనున్న పియెద్రాస్ బ్లాంకాస్‌ను మించిన చోటు లేదు. కారు నిలిపిన చోటి నుంచి కొద్ది అడుగులు వేస్తే కంచె, దాని కింద ఇసుకలో సీళ్లు. టికెట్టు లేదు, ముందస్తు నమోదు లేదు, ఏడాది పొడవునా చూడవచ్చు. నీలిరంగు జాకెట్లు వేసుకున్న స్వచ్ఛంద కార్యకర్తలు ఉంటే తప్పకుండా మాట్లాడండి. ఆ రోజు ఒడ్డు మీద ఏం జరుగుతోందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు, శాంటా క్రూజ్‌కు మధ్యనున్న ఆన్యో న్వేవో స్టేట్ పార్క్ అనుభవం వేరు. డిసెంబరు 15 నుంచి మార్చి 31 వరకు గైడ్ వెంటే లోపలికి వెళ్లాలి. నమోదు ముందుగా చేసుకోవాలి, జనవరి తేదీలు త్వరగా అయిపోతాయి. దాదాపు మూడు మైళ్ల నడక, అందులో చాలా భాగం మెత్తటి ఇసుక. వాన పడినా నడక సాగుతుంది. కుక్కలను రానివ్వరు. డిసెంబరు మొదటి రెండు వారాలు సీళ్లుండే భాగాన్ని మూసేస్తారు. నడవగలిగిన వారికి నా ఓటు దీనికే. కంచె అడ్డం లేకుండా, ఒక గైడ్ మాట మీద ఆగుతూ నడుస్తూ చూస్తే మగ సీల్ గర్జన గుండెకు తగులుతుంది.

హార్బర్ సీళ్లకు మోస్ బీచ్‌లోని ఫిట్జ్‌జెరాల్డ్ మెరైన్ రిజర్వ్, మాంటెరే దగ్గరి పాయింట్ లోబోస్, దక్షిణాన కార్పింటీరియా మంచివి. కార్పింటీరియాలో డిసెంబరు 1 నుంచి మే 31 వరకు ఆ భాగం ఇసుక మీదికి వెళ్లనివ్వరు, పైనున్న గట్టు నుంచి చూడాలి. అసలు బాగా కనిపించేదీ ఆ గట్టు మీది నుంచే. శాన్ డియేగోలోని లా హోయాలో చిల్డ్రన్స్ పూల్ ఒడ్డును డిసెంబరు 15 నుంచి మే 15 వరకు మూసి ఉంచుతారు.

సీ లయన్లకు పియర్ 39, మాంటెరేలోని కోస్ట్‌గార్డ్ పియర్, లా హోయా కోవ్ చాలు.

బయలుదేరే ముందు రోజు ఆ పార్కు వెబ్‌సైటు చూడండి. తుఫాను వల్లనో, జంతువుల్లో జబ్బు వల్లనో దారులు ఉన్నట్టుండి మూస్తారు.

3. ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయలుదేరవద్దు

హార్బర్ సీళ్లు చాలాచోట్ల ఆటు సమయంలో తేలిన రాళ్ల మీదికి ఎక్కుతాయి. పోటు పెరిగి రాయి మునిగితే నీళ్లలోకి జారిపోతాయి. కాబట్టి ఫిట్జ్‌జెరాల్డ్ వంటి చోటికి నీరు బాగా తగ్గే సమయానికి గంట ముందు చేరి, తర్వాత మరో గంట ఉండేలా చూసుకోండి. ఆ పట్టికలను అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఉచితంగా ఇస్తుంది.

ఎలిఫెంట్ సీళ్లకు ఈ లెక్క అంతగా అక్కర్లేదు. ఒడ్డెక్కాక వారాల తరబడి అక్కడే ఉంటాయి.

ఆటు చూసుకుని రాళ్ల మీదికి దిగినవారు సముద్రానికి వీపు పెట్టవద్దు. ఈ తీరంలో ఉన్నట్టుండి పెద్ద అల ఒకటి వచ్చి మనిషిని లాక్కుపోవడం కొత్త కాదు. శీతాకాలంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

4. సంచిలో ఉండాల్సినవి

- 8x42 బైనాక్యులర్. 10 రెట్లది గాలికి చేతిలో నిలవదు, కొత్తవారికి 8 చాలు.
- గాలి చొరబడని జాకెట్, టోపీ. జులైలో కూడా పొగమంచు, చలిగాలి ఉంటాయి.
- గొడుగు బదులు రెయిన్‌కోటు.
- ఇసుకకు, తడికి పనికొచ్చే మూసిన బూట్లు.
- కెమెరా ఉంటే 300 మిల్లీమీటర్లు, ఆ పైన లెన్సు.
- ఫోనులో ముందే దాచుకున్న సహాయ నంబర్లు (తొమ్మిదో భాగంలో ఉన్నాయి).

డ్రోను తీసుకెళ్లవద్దు. పార్కుల్లో నిషేధం సంగతి అటుంచి, తల మీద దాని మోతకు గుంపంతా నీళ్లలోకి దూకుతుంది. ఆ తొక్కిసలాటలో నలిగిపోయేవి పిల్లలే.

5. గుర్తుపట్టడం: ఈ వరుసలోనే చూడండి

చాలామంది మొదట రంగు, పరిమాణం చూస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. తడిగా ఉన్నప్పుడు నల్లగా కనిపించినది ఆరితే లేత గోధుమ రంగుకు వస్తుంది. పిల్ల ఎలిఫెంట్ సీల్, పెద్ద హార్బర్ సీల్ దూరానికి ఒకేలా ఉంటాయి. అందుకని ఈ క్రమం పాటించండి.

మొదట చెవి. తల పక్కన చిన్న చెవి మడత వేలాడుతుంటే సీ లయన్ లేదా ఫర్ సీల్. మడత లేకుండా చిన్న రంధ్రం మాత్రమే ఉంటే అసలు సీల్.

రెండు, ముందు రెక్కలు, అంటే ఈతకు వాడే తెడ్డులాంటి ముందు కాళ్లు. సీ లయన్‌వి పొడుగ్గా, తోలు తేలి, వెంట్రుకలు లేకుండా ఉంటాయి. సీల్‌వి పొట్టిగా, వెంట్రుకలతో, చివర గోళ్లతో ఉంటాయి.

మూడు, నడక. సీ లయన్ వెనక రెక్కలను ఒంటి కిందికి తిప్పుకుని నాలుగింటి మీద నడుస్తుంది, రాళ్లు ఎక్కుతుంది, తాళ్ల మధ్య నుంచి దూరి పడవల మీదికి కూడా చేరుతుంది. సీల్‌కు అది చేతకాదు. పొట్ట మీద పాకుతూ ముందుకు ఊగుతుంది.

ఇక నీళ్లలో ఉంటే: సీ లయన్ ముందు రెక్కలతో ఈదుతుంది, వేగం అందుకుంటే నీటిపైకి ఎగిరెగిరి దూకుతుంది. హార్బర్ సీల్ తల మాత్రం నిటారుగా పైకి పెట్టి మిమ్మల్ని కాసేపు చూసి, చప్పుడు లేకుండా కిందికి దిగిపోతుంది. వెల్లకిలా తేలుతూ పొట్ట మీద ఏదో పెట్టుకుని తింటున్నది ఈ రెండూ కాదు, అది సీ ఆటర్ (సముద్రపు నీటికుక్క).

ఇంతవరకు వచ్చాక జాతి తేల్చడం తేలిక.

- కాలిఫోర్నియా సీ లయన్: కుక్క మొరిగినట్టు ఆగకుండా అరుస్తుంది. ఎదిగిన మగదానికి నుదుటి మీద ఎత్తైన బుడిపె ఉంటుంది.
- స్టెల్లర్ సీ లయన్: లేత రంగు, చాలా పెద్దది, మొరగదు, గుర్రుమంటుంది. ఉత్తర తీరంలో, ఆన్యో న్వేవో దీవి మీద వెతకండి.
- హార్బర్ సీల్: ఒంటి నిండా మచ్చలు, మీటరున్నర నుంచి 1.8 మీటర్ల పొడవు. రాయి మీద తలనూ వెనక రెక్కలనూ పైకెత్తి పడుకుంటుంది.
- ఎలిఫెంట్ సీల్: మచ్చలుండవు, కళ్లు బాగా పెద్దవి. తొండంలాంటి ముక్కు ఎదిగిన మగవాటికే ఉంటుంది. మగది 4 మీటర్లకు పైగా పెరుగుతుంది, 2,000 కిలోలు దాటుతుంది.

తొండం లేదు కాబట్టి ఎలిఫెంట్ సీల్ కాదు అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఒడ్డు మీద ఉన్న గుంపులో ఎక్కువ భాగం ఆడవి, చిన్నవే అయి ఉంటాయి.

6. దగ్గరకు వెళ్లే పద్ధతి

నోవా చెప్పే కనీస దూరం 50 గజాలు, అంటే సుమారు 45 మీటర్లు. పది కార్లు ఒకదాని వెనక ఒకటి నిలిపితే ఎంత పొడవుంటుందో అంత. కంచె కట్టిన చోట కంచె దాటకపోవడం, గైడ్ ఉన్న చోట గైడ్ ఆపిన చోట ఆగడం సరిపోతుంది. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వీటిని తాకడం, తరమడం, మేత పెట్టడం నేరం.

అయితే మీటర్ల లెక్క కన్నా జంతువు ప్రవర్తనే నమ్మదగిన కొలత. వరుసగా ఇవి గమనించండి.

- పడుకున్నవి పడుకునే ఉన్నాయి: మీరున్న చోటు సరైనదే.
- ఒకటి రెండు తలెత్తి మీ వైపే చూస్తున్నాయి: ఆగండి. ఇక ఒక్క అడుగు కూడా వద్దు.
- నాలుగైదు తలలు లేచాయి, కొన్ని నీటి వైపు కదులుతున్నాయి: కిందికి వంగి, మెల్లగా వెనక్కి రండి.
- గుంపు నీళ్లలోకి పోయింది: ఆ చోటు వదిలి వెళ్లండి. మీరు కనిపిస్తున్నంతసేపూ అవి ఒడ్డెక్కడానికి జంకుతాయి.

హార్బర్ సీళ్లు అన్నిటికన్నా బెదురుగొడ్లు. వాటికి 45 మీటర్లు కూడా చాలని రోజులుంటాయి.

జంతువుకూ నీటికీ మధ్య నిలబడవద్దు. తల్లికీ పిల్లకీ మధ్యకు వెళ్లవద్దు. నేరుగా ఎదురు నడవకుండా పక్కవాటుగా నడవండి. పెద్ద మగ ఎలిఫెంట్ సీల్ బద్ధకంగా కనిపిస్తుంది కానీ, ఇసుక మీద కొద్ది దూరం మనిషి ఊహించనంత వేగంగా వస్తుంది.

7. చూసి కంగారు పడనవసరం లేనివి

ఎలిఫెంట్ సీల్ ఊపిరి ఆగిపోయింది. పెద్దది పడుకుని ఉంటుంది. ముక్కు రంధ్రాలు బిగుసుకుని ఉంటాయి, పక్కటెముకల దగ్గర కదలిక ఉండదు. ఐదు నిమిషాలు చూసినవారు చనిపోయిందని తేల్చేస్తారు. నిద్రలో అవి పది నిమిషాలకు పైగా కూడా ఊపిరి బిగబట్టగలవు. ఓపిక పట్టి చూస్తే రంధ్రాలు తెరుచుకుని పొడవాటి ఊపిరి ఒకటి బయటికి వస్తుంది, ఆ తర్వాత వరుసగా కొన్ని, మళ్లీ నిశ్చలం.

కన్నీళ్లు కారుతున్నాయి. సీళ్లకు కన్నీటిని ముక్కులోకి పంపే నాళం లేదు. అందుకే చెంపల మీద తడి చారలు కనిపిస్తాయి. ఏడుపు కాదు, జబ్బూ కాదు.

తోలు పొరలుపొరలుగా ఊడుతోంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య ఎలిఫెంట్ సీల్ పై చర్మం వెంట్రుకలతో సహా తునకలుగా రాలుతుంది. కింద కొత్త తోలు వెండిరంగులో మెరుస్తుంటుంది.

ఇసుక చల్లుకుంటోంది. ముందు రెక్కతో తడి ఇసుకను గీరి వీపు మీదికి విసరడం ఒంటిని చల్లబరుచుకోవడానికే. మీరు దగ్గరికి వచ్చినప్పుడే అది ఎక్కువైతే మాత్రం అది బెదురుకు గుర్తు.

సీ లయన్ నీటిపైకి ఒక రెక్క ఎత్తి పెట్టి కదలకుండా తేలుతోంది. ఒంటి వేడిని అదుపులో ఉంచుకుంటోంది. వలలో చిక్కిందని రక్షక దళానికి ఫోను చేయవద్దు.

8. ఒంటరి పిల్ల కనిపిస్తే

ఏడాదిలో వసంతకాలం ఈ పరీక్ష పెడుతుంది. మీటరు కన్నా చిన్న హార్బర్ సీల్ పిల్ల, పెద్ద కళ్లు, చుట్టూ ఎవరూ లేరు, అప్పుడప్పుడు అరుస్తోంది. చూసిన మనసు ఊరుకోదు. ఊరుకోవాలి.

హార్బర్ సీల్ తల్లి పిల్లను ఒడ్డున వదిలి మేతకు వెళ్తుంది, గంటల తరబడి రాకపోవచ్చు. చాలాసార్లు తల్లి నీళ్లలో తల పైకి పెట్టి మీరు ఎప్పుడు వెళ్తారా అని చూస్తూనే ఉంటుంది. పిల్ల చుట్టూ జనం గుమిగూడితే రాదు. రాక, రాక, చివరికి వదిలేస్తుంది. ఆ పిల్లను అనాథను చేసింది సముద్రం కాదు, చుట్టూ నిలబడినవారే.

వరుస ఇది:

- ఆగిపోండి. వెంటనే కనీసం 45 మీటర్లు వెనక్కి రండి.
- కుక్క ఉంటే గొలుసు పొట్టిగా పట్టుకుని అక్కడి నుంచి తీసుకెళ్లండి.
- దూరం నుంచే ఒకటి రెండు ఫొటోలు తీయండి.
- సహాయ నంబరుకు ఫోను చేయండి. తల్లి వస్తుందో లేదో మీరు తేల్చవద్దు.
- వచ్చేపోయేవారికి నచ్చజెప్పి దూరంగా పంపండి. ఆ సమయంలో ఆ పిల్లకు మీరు చేయగలిగిన అసలు సాయం ఇదే.

చేయకూడనివి:

- నీళ్లు పోయవద్దు, తడి బట్ట కప్పవద్దు. అది ఒళ్లు కాచుకోవడానికే ఒడ్డెక్కింది.
- సముద్రంలోకి నెట్టవద్దు.
- చేపలు, పాలు పెట్టవద్దు. ఆవుపాలు దానికి పడవు.
- ఎత్తుకుని కారులో పెట్టుకుని తీసుకెళ్లవద్దు. నేరం కూడా.

ఫోను చేసినా ఎవరూ వెంటనే రాకపోతే కోపగించుకోవద్దు. తల్లి తిరిగి వస్తుందేమోనని నిపుణులు ఒక రోజంతా దూరం నుంచి కనిపెట్టి చూస్తారు. మనిషి చేతిలో పెరగడం కన్నా తల్లిపాలతో పెరగడమే దానికి మేలని వారికి తెలుసు.

ఎలిఫెంట్ సీల్ సంగతి వేరు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో ఒంటరిగా, బొద్దుగా, నున్నగా పడుకున్న పిల్ల పాలు మానినదై ఉంటుంది. తల్లి ఇక రాదు, రానవసరం లేదు. తనలోని కొవ్వుతోనే వారాల పాటు బతుకుతూ ఈత నేర్చుకుంటుంది. మెడ దగ్గర, తుంటి దగ్గర ఎముకలు తేలి కనిపిస్తే అప్పుడు ఫోను చేయాలి.

9. నిజమైన ఆపద గుర్తులు, ఫోనులో చెప్పాల్సినవి

సీ లయన్ తల అటూ ఇటూ ఊపుతూ ఉండటం, మెడ వెనక్కి విరిచి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోవడం, మూర్ఛ రావడం డొమోయిక్ ఆమ్లం విషానికి గుర్తులు. సూడో-నిట్జ్‌షియా అనే శైవలం ఉధృతంగా పెరిగినప్పుడు ఈ విషం చిన్న చేపల్లోకి, వాటి ద్వారా సీ లయన్ మెదడుకూ చేరుతుంది. అలాంటి జంతువు మత్తుగా పడి ఉండి హఠాత్తుగా మీద పడవచ్చు. దూరం రెట్టింపు చేయండి.

రెక్కలు పొట్ట మీదికి ముడుచుకుని, కదలడానికి ఇష్టపడకుండా, నీళ్లు తాగుతున్న సీ లయన్‌కు లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు ఉండే అవకాశముంది. అది కుక్కలకు, మనుషులకు అంటుతుంది. మెడకు వల తాడు, ప్లాస్టిక్ పట్టీ చుట్టుకుని చర్మంలోకి దిగినా ఫోను చేయాల్సిందే. మీరే కోయబోవద్దు. భయపడి నీళ్లలోకి దూకితే ఇక దొరకదు.

నంబర్లు రెండు. మెండొసీనో కౌంటీ నుంచి శాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీ వరకు సాసలిటోలోని మెరైన్ మామల్ సెంటర్: 415-289-7325. పశ్చిమ తీరం మొత్తానికి నోవా నంబరు: 1-866-767-6114.

ఫోను చేసే ముందు ఇవి సిద్ధంగా ఉంచుకోండి:

- కచ్చితమైన చోటు. ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకోండి, దగ్గరి లైఫ్‌గార్డు టవర్ నంబరు చూడండి.
- చెవి మడత ఉందా లేదా. ఈ ఒక్క మాటతో అవతలివారికి సగం విషయం అర్థమవుతుంది.
- సుమారు పొడవు, రంగు, బక్కగా ఉందా బొద్దుగా ఉందా.
- గాయం, రక్తం, తాడు, మూర్ఛ వంటివి.
- రెక్క మీద రంగు బిళ్ల ఉంటే దాని రంగు, నంబరు. బైనాక్యులర్‌తోనే చదవండి.
- పోటు పెరుగుతోందా, చుట్టూ జనం, కుక్కలు ఉన్నాయా.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో బాగా కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీల్ కరిచిందని, లేదా సీ లయన్ కరిచిందని స్పష్టంగా చెప్పండి. వీటి నోటి నుంచి వచ్చే కొన్ని ఇన్ఫెక్షన్లు మామూలుగా రాసే యాంటీబయాటిక్స్‌కు లొంగవు, సంగతి తెలిస్తేనే డాక్టరు సరైన మందు రాయగలరు. మీ కుక్క జబ్బుపడిన సీ లయన్‌ను వాసన చూసి వచ్చినా, పశువైద్యుడికి ఆ మాట చెప్పండి.